యాప్‌లోనో ఏజెంటు దగ్గరో కొన్న టికెట్‌కు ఫ్లైట్ రద్దయితే: బెంగళూరులో ఎవరి రీఫండ్ సేవ ఎలా ఉంది

బెంగళూరు నుంచి గన్నవరానికో, వైజాగ్‌కో, రాజమండ్రికో టికెట్ తీసేటప్పుడు ఏ యాప్‌లో మూడొందలు తక్కువ పడుతుందో చూస్తాం. ఫ్లైట్ రద్దయితే ఆ యాప్ డబ్బు ఎలా తిరిగి ఇస్తుందో మాత్రం ఎవరూ చూడరు. అందుకని ఇక్కడ ధరలు, కూపన్ల ఊసు ఎత్తడం లేదు. పెద్ద బుకింగ్ యాప్‌లు, మారతహళ్లి, కుందలహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు మనవాళ్లు నడిపే ట్రావెల్స్ ఆఫీసులు, బ్యాంకు కార్డుల ట్రావెల్ పోర్టళ్లు, విదేశీ టికెట్ సైట్లు: ఈ నాలుగింటినీ రీఫండ్ అనే ఒక్క కొలతతోనే చూస్తున్నాం.

ముందుగా డబ్బు నడిచే దారి తెలియాలి. అది తెలియకపోతే కస్టమర్ కేర్ ఏం చెప్పినా నమ్మాల్సి వస్తుంది. మీరు కట్టింది యాప్ ఖాతాలో పడుతుంది. యాప్ తన ఏజెన్సీ ఖాతా నుంచి ఎయిర్‌లైన్‌కు కడుతుంది. తక్కువ ధర ఎయిర్‌లైన్ల దగ్గర ఏజెంట్లు ముందే డిపాజిట్ వేసి ఉంచుకుంటారు, టికెట్ తీసినప్పుడల్లా అందులోంచి తగ్గుతుంది. విదేశీ ఎయిర్‌లైన్ల టికెట్లకు ఎక్కువగా, ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ నడిపే బీఎస్‌పీ అనే ఉమ్మడి చెల్లింపుల పద్ధతిలో లెక్కలు తేలతాయి. ఫ్లైట్ రద్దయితే డబ్బు అదే దారిలో వెనక్కి నడుస్తుంది: ఎయిర్‌లైన్ నుంచి ఏజెన్సీ ఖాతాకు, అక్కడి నుంచి మీ కార్డుకు. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో అడిగితే ‘మీరు ఎక్కడ బుక్ చేశారో వాళ్లనే అడగండి’ అనేది అందుకే. వేరే ఫ్లైట్‌లో సీటు ఇవ్వడం ఆ కౌంటర్ చేతిలో ఉంది, మీ కార్డులోకి డబ్బు వేయడం వాళ్ల చేతిలో లేదు. రీఫండ్ ఆలస్యమైందంటే డబ్బు ఈ రెండు అంచెల్లో ఏదో ఒక చోట కూర్చుందని లెక్క. ఎక్కడ కూర్చుందో తేల్చితే సగం పని అయినట్టే.

అలాగని ఎయిర్‌లైన్ చేతులు దులుపుకోవడానికి లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమావళిలో సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 2 అంతా టికెట్ రీఫండ్ల గురించే. ట్రావెల్ ఏజెంటు లేదా పోర్టల్ ద్వారా కొన్న టికెట్‌కు కూడా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, ఎందుకంటే ఏజెంట్లు వాళ్లు నియమించుకున్న ప్రతినిధులు అని అందులో స్పష్టంగా ఉంది. 2016 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీనికి 30 పని దినాల గడువు పెట్టింది. పని దినాలు అన్న మాట గమనించండి. శని, ఆదివారాలు, పండగలు తీసేస్తే ఆరు వారాలు దాటేది. నేరుగా ఎయిర్‌లైన్ సైట్‌లో క్రెడిట్ కార్డుతో కొన్నవారికి మాత్రం 7 రోజులు. ఏజెంట్ల గడువును 21 పని దినాలకు కుదించాలని డీజీసీఏ 2025 నవంబరులో ప్రతిపాదించింది, ఆ తర్వాత 2026లో నియమాన్ని సవరించింది. కాబట్టి మెయిల్ రాసే ముందు డీజీసీఏ సైట్ నుంచి తాజా ప్రతి దించుకుని, అందులో ఉన్న గడువునే రాయండి.

డబ్బు ఏజెన్సీ దగ్గర ఆగిపోతుందనేది ఊరికే అంటున్న మాట కాదు. కోవిడ్ లాక్‌డౌన్ టికెట్ల మీద సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న తీర్పు ఇచ్చినప్పుడు, ఎయిర్‌లైన్లు ఏజెంట్లకు తిరిగి ఇచ్చిన డబ్బును ఏజెంట్లు వెంటనే ప్రయాణికులకు చేర్చాలని విడిగా చెప్పాల్సి వచ్చింది. తర్వాత కూడా ఒక పెద్ద బుకింగ్ సైట్ దగ్గర 2021 నాటికి 26 కోట్ల రూపాయలకు పైగా లాక్‌డౌన్ రీఫండ్లు పెండింగ్‌లో ఉన్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ లెక్క తేల్చింది. 2024 జూన్ నాటికి కూడా రెండున్నర కోట్లు మిగిలే ఉన్నాయి. అదే సమయంలో మరికొన్ని పెద్ద సైట్లు మొత్తం చెల్లించేశాయి. అంటే తిరిగి ఇవ్వాలనుకుంటే ఇవ్వగలరు.

ఇక అసలు పనికి వద్దాం. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది మొదటి గంటలోనే. ఫ్లైట్ రద్దయిందని మెసేజ్ రాగానే యాప్ తెరిచి ‘క్యాన్సిల్’ నొక్కేస్తారు. యాప్ సిస్టమ్‌లో రద్దు సంగతి ఇంకా అప్‌డేట్ కాకపోతే, మీరే ప్రయాణం మానుకున్నట్టు నమోదవుతుంది. మామూలు రద్దు ఛార్జీలు కోసేసి మిగిలింది చూపిస్తారు. ఒకసారి అలా నమోదయ్యాక దాన్ని మార్పించడానికి మెయిళ్ల మీద మెయిళ్లు రాయాలి. కాబట్టి ముందు ఎయిర్‌లైన్ సొంత సైట్‌కు వెళ్లి, ఆరు అక్షరాల పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి, అక్కడ ఫ్లైట్ ‘క్యాన్సిల్డ్’ అని చూపిస్తోందా లేదా చూడండి. చూపిస్తే తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. యాప్ ఇచ్చే పొడుగాటి బుకింగ్ ఐడీ ఎయిర్‌లైన్ దగ్గర చెల్లదు, టికెట్ పీడీఎఫ్‌లో పీఎన్ఆర్ విడిగా ఉంటుంది. ఆ తర్వాత యాప్‌లో మామూలు క్యాన్సిల్ బటన్ వదిలేసి, ‘ఫ్లైట్ క్యాన్సిల్డ్ బై ఎయిర్‌లైన్’ అనే అర్థంలో ఉన్న ఆప్షన్ వెతకండి. కొన్ని యాప్‌లలో అది హెల్ప్ విభాగంలో రెండు మూడు పొరల కింద దాగి ఉంటుంది. ఎక్కడా దొరక్కపోతే చాట్‌లో అదే మాట రాసి, ఫిర్యాదు నంబరు పుట్టించుకున్నాకే ముందుకు కదలండి.

రెండో జాగ్రత్త, ఎయిర్‌లైన్ పంపే లింకు. ఇండిగో ‘ప్లాన్ బీ’ పేజీ లాంటి చోట్ల కొత్త టైము ఒప్పుకోవడం, ఫ్లైట్ మార్చుకోవడం, రీఫండ్ తీసుకోవడం అని ఆప్షన్లు ఉంటాయి. కంగారులో కొత్త టైముకు ‘యాక్సెప్ట్’ కొట్టేస్తే, తర్వాత పూర్తి రీఫండ్ అడగడం కష్టం. రీఫండ్ బదులు క్రెడిట్ షెల్ (మళ్లీ అదే ఎయిర్‌లైన్ టికెట్‌కు వాడుకునేలా డబ్బు వాళ్ల దగ్గరే ఉంచడం) ఇస్తామంటే, అది తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమే, ఎయిర్‌లైన్ దాన్ని అలవాటుగా అంటగట్టకూడదు అని డీజీసీఏ నియమం చెబుతోంది. యాప్‌లు ‘వెంటనే వ్యాలెట్‌లోకి’ అని పచ్చరంగులో ముందే టిక్ పెట్టి ఉంచే ఆప్షన్‌కూ ఇదే జాగ్రత్త పడాలి. వ్యాలెట్‌లో పడ్డ డబ్బు మళ్లీ ఆ యాప్‌లోనే ఖర్చవుతుంది. కింద చిన్న అక్షరాల్లో ‘ఒరిజినల్ పేమెంట్ మోడ్’ అని ఉంటుంది, అది ఎంచుకోండి.

మెసేజే రాలేదంటే టికెట్‌లో ఏ ఫోన్ నంబరు పడిందో చూడండి. ట్రావెల్స్ ఆఫీసులు చాలావరకు తమ నంబరు, తమ మెయిలే ఎక్కిస్తాయి. కొన్ని పోర్టళ్లూ అంతే. దీని నష్టం పెద్దది. అదే డీజీసీఏ నియమావళిలోని సిరీస్ ఎం, పార్ట్ 4 ప్రకారం ఎయిర్‌లైన్ తగిన సమయంలో చెప్పకుండా రద్దు చేస్తే, రీఫండ్‌తో పాటు పరిహారం కూడా ఇవ్వాలి. ప్రయాణ సమయం గంట లోపైతే 5,000, గంట నుంచి రెండు గంటలైతే 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు, లేదా ఒకవైపు బేస్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది. వాతావరణం, భద్రతా కారణాల లాంటి ఎయిర్‌లైన్ చేతిలో లేని సందర్భాలకు ఇది వర్తించదు. అయితే బుకింగ్ సమయంలో సరైన కాంటాక్ట్ వివరాలు ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం అక్కర్లేదని కూడా అదే నియమంలో ఉంది. ఏజెంటు తన నంబరు వేసుకున్న పాపానికి మీ హక్కు పోతుంది. టికెట్ చేతికి రాగానే ఎయిర్‌లైన్ సైట్‌లో మీ నంబరు, మెయిల్ చేర్చుకోండి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు ఒక్కొక్క సేవ సంగతి.

పెద్ద యాప్‌లు దేశీయ టికెట్ల విషయంలో మొత్తం మీద ఫర్వాలేదు. ఎయిర్‌లైన్ రద్దు ఆటోమేటిక్‌గా నమోదైతే ఎవరితోనూ మాట్లాడకుండానే డబ్బు కార్డుకు వచ్చేస్తుంది. ఇబ్బందల్లా నమోదు కానప్పుడే. చాట్‌లో ముందు బాట్, తర్వాత మనిషి, ఆ మనిషి ‘ఎయిర్‌లైన్ నుంచి ఇంకా అప్రూవల్ రాలేదు’ అనే మాట దగ్గరే ఆగుతాడు. రానుపోను టికెట్‌ను రెండు వేర్వేరు ఎయిర్‌లైన్లలో, రెండు పీఎన్ఆర్‌లుగా అతికించి అమ్మడం వీటి మరో లోపం. వెళ్లే ఫ్లైట్ రద్దయితే దాని డబ్బు వస్తుంది. తిరుగు టికెట్‌ను మీరే ఛార్జీలు కట్టి రద్దు చేసుకోవాలి. అలాంటి జోడీ టికెట్ మీద వెయ్యి రూపాయలు మిగిలినా తీసుకోవద్దనే చెబుతాం. ఇంకొకటి, వెబ్ చెకిన్ అయిపోయి ఉంటే యాప్ రద్దు అభ్యర్థన తీసుకోదు. ముందు ఎయిర్‌లైన్ దగ్గర చెకిన్ తీయించుకోవాలి.

బిల్లు లెక్క ఎలా తేలుతుందో ఒక ఊహా టికెట్‌తో చూద్దాం. బేస్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ 4,300. యూడీఎఫ్ (ఎయిర్‌పోర్టు వాడకం ఫీజు), సెక్యూరిటీ ఫీజు వగైరా 700. జీఎస్టీ 250. సీటు 300. ఇక్కడికి ఎయిర్‌లైన్ వాటా 5,550. దీని మీద యాప్ కన్వీనియెన్స్ ఫీజు 400, ‘జీరో క్యాన్సిలేషన్’ ప్లాన్ 499. కూపన్ తగ్గింపు 500 పోను మీరు కట్టింది 5,949. ఎయిర్‌లైన్ రద్దు చేసి మొత్తం 5,550 ఏజెన్సీకి తిరిగి ఇచ్చిందనుకోండి, చాలా యాప్‌లలో మీ చేతికి వచ్చేది 5,050, ఎందుకంటే కూపన్ విలువ వెనక్కి పోతుంది, ఫీజు, ప్లాన్ డబ్బు ఉంచేసుకుంటారు. 899 పోయింది. కూపన్ కోత న్యాయమే, అది మీరు కట్టని డబ్బు. ప్రయాణమే జరగనప్పుడు కన్వీనియెన్స్ ఫీజు ఉంచుకోవడం మాత్రం మా దృష్టిలో అన్యాయం. షరతుల్లో రాసి ఉందంటారు, అయినా అడగండి. గట్టిగా రాస్తే ఇచ్చే సందర్భాలున్నాయి. ‘జీరో క్యాన్సిలేషన్’ ప్లాన్ పనికొచ్చేది మీరు మానుకున్నప్పుడు. ఎయిర్‌లైన్ రద్దు చేస్తే మీకు దాని అవసరమే లేదు.

మీరే మానుకున్న టికెట్‌లో కూడా కొంత హక్కు ఉంది. రద్దు ఛార్జీ ఎట్టి పరిస్థితిలోనూ బేస్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీల మొత్తాన్ని మించకూడదు. యూడీఎఫ్, ఇతర పన్నులు తిరిగి ఇవ్వాల్సిందే. ప్రోమో టికెట్ అయినా, ఫ్లైట్ ఎక్కకుండా వదిలేసినా అంతే. పై టికెట్‌లో ఆ 700 మీదే. ‘నాన్ రీఫండబుల్, సున్నా’ అని స్క్రీన్ మీద కనబడితే పన్నుల వాపసు విడిగా అడగండి. రీఫండ్ ప్రాసెసింగ్ పేరుతో ఎయిర్‌లైన్ అదనంగా వసూలు చేయకూడదు. యాప్ తన సర్వీస్ ఛార్జీ అంటూ 300, 500 కోసి ఆ పన్నులనే మింగేయడం చూస్తుంటాం. అందుకే ‘ఎయిర్‌లైన్ కోత ఎంత, మీ కోత ఎంత’ అని విడదీసి రాయమనండి.

మారతహళ్లి లాంటి చోట్ల మన తెలుగువాళ్ల ట్రావెల్స్ ఆఫీసులకు ఒక గొప్ప బలం ఉంది: ఫోన్ చేస్తే మనిషి ఎత్తుతాడు. అమెరికా వెళ్లే అమ్మానాన్నల టికెట్ మధ్యలో దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో తెగిపోతే, అర్ధరాత్రి అయినా రీఇష్యూ చేసిపెట్టే ఏజెంటు ఏ యాప్ కన్నా మేలు. అంతర్జాతీయ టికెట్‌కు మా మొదటి మాట మంచి ఏజెంటే. రీఫండ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ ఆఫీసులు బలహీనం. వీధిలోని ఏజెంటు చాలాసార్లు పెద్ద హోల్‌సేలర్ పోర్టల్‌లో టికెట్ తీస్తాడు. అంటే డబ్బు మూడంచెలు దాటి రావాలి. ‘అన్నా, నా డబ్బు వచ్చిందా’ అంటే, ‘పైనుంచి రాలేదు సార్, రాగానే వేస్తా’ అంటాడు. అతను చెప్పేది నిజమే కావచ్చు. మీ దగ్గర రుజువే ఉండదు, ఎందుకంటే డబ్బు అతని సొంత నంబరుకు యూపీఐ చేసి ఉంటారు, బిల్లు అడిగి ఉండరు, ఇచ్చిన టికెట్ ప్రింటులో ధర తీసేసి ఉంటుంది. కాబట్టి కొనేటప్పుడే ధరతో ఉన్న ఈ-టికెట్, జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. డబ్బు ఆఫీసు పేరున్న ఖాతాకే వేయండి.

సంక్రాంతి టికెట్ల విషయం ఇంకా జాగ్రత్త. పండగ వారానికి ఏజెంట్లు ముందే గుంపుగా సీట్లు కొని పెట్టుకుని, తర్వాత పేర్లు ఎక్కించి అమ్ముతారు. వీటిని సిరీస్ ఫేర్ అంటారు. పండగ ముందు రోజు కూడా ధర తక్కువ కనబడుతుంది, కానీ వీటికి గ్రూప్ టికెట్ నియమాలుంటాయి, మీరు మానుకుంటే దాదాపు ఏమీ రాదు. ఎయిర్‌లైన్ రద్దు చేసినా డబ్బు మొదట గుంపుగా కొన్నవాడి ఖాతాకే చేరుతుంది. ‘ఇది సిరీస్ ఫేరా, మామూలు ఫేరా’ అని సూటిగా అడిగితే నిజాయితీ గల ఏజెంటు చెబుతాడు.

బ్యాంకు కార్డుల ట్రావెల్ పోర్టళ్ల వెనక ఉండేది సాధారణంగా మరో బుకింగ్ సంస్థే. పాయింట్లతో కొన్న భాగం పాయింట్లుగా, డబ్బు భాగం డబ్బుగా విడివిడిగా వస్తాయి. రెండూ వచ్చాయో లేదో సరిచూసుకోండి. అంతకు మించి చెప్పుకోదగ్గ తేడా లేదు.

విదేశీ టికెట్ సైట్లకు మార్కులు తక్కువే. ధర డాలర్లలోనో యూరోల్లోనో కోస్తారు. రీఫండ్ వచ్చిన రోజు మారకపు రేటు వేరు. కొన్న రోజు విదేశీ కరెన్సీ చెల్లింపు మీద బ్యాంకు వేసిన అదనపు ఛార్జీ (ఫారెక్స్ మార్కప్), దాని మీద 18 శాతం జీఎస్టీ సాధారణంగా తిరిగి రావు. అమెరికా రూటు టికెట్ అయితే ఒక వెసులుబాటు ఉంది. 2024లో వచ్చిన అక్కడి రవాణా శాఖ నియమం ప్రకారం కార్డు చెల్లింపులకు 7 పని దినాల్లో, మిగతావాటికి 20 రోజుల్లో రీఫండ్ ఇవ్వాలి. కార్డు స్టేట్‌మెంట్‌లో డబ్బు తీసుకున్నట్టు ఎవరి పేరు ఉందో వాళ్లదే బాధ్యత. యూరప్ నుంచి బయల్దేరే ఫ్లైట్లకు అక్కడి 261 నియమం కింద 7 రోజుల గడువు. మన డీజీసీఏ నియమం విదేశీ ఎయిర్‌లైన్లను వాటి సొంత దేశ నిబంధనలకే వదిలేస్తుంది. కాబట్టి మెయిల్‌లో ఆ దేశం నియమాన్నే రాయండి.

డబ్బు రాకపోతే మెయిల్ ఒకటే రాసి, ఎయిర్‌లైన్‌కూ ఏజెన్సీకీ కలిపి పంపండి. పీఎన్ఆర్, 13 అంకెల టికెట్ నంబరు ఉంటే అది, ప్రయాణ తేదీ, కట్టిన మొత్తం, రద్దు స్క్రీన్‌షాట్ పెట్టండి. ఎయిర్‌లైన్‌ను అడగాల్సింది: ‘ఏ తేదీన, ఎంత మొత్తం, ఏ ఏజెన్సీ ఖాతాకు వేశారు?’ ఏజెన్సీని అడగాల్సింది: ‘నా కార్డుకు వేసి ఉంటే ఏఆర్ఎన్ ఇవ్వండి.’ ఏఆర్ఎన్ అంటే కార్డు రీఫండ్‌కు పుట్టే 23 అంకెల నంబరు. అది ఇస్తే మీ బ్యాంకు ఆ డబ్బు ఎక్కడుందో వెతకగలదు. యూపీఐ అయితే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్. ‘ప్రాసెస్ అయింది’ అంటూ ఈ నంబరు ఇవ్వలేకపోతే, డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉందని అనుమానించాలి. ఎయిర్‌లైన్ నుంచి తేదీతో జవాబు వస్తే ఏజెన్సీ కథలన్నీ అక్కడితో ఆగిపోతాయి.

తర్వాత ఏజెన్సీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయాలి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే ఏజెన్సీ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎయిర్‌లైన్ మీద పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవలో వేయండి. ఒకదాంట్లో వేశామని రెండోది ఆపొద్దు.

కార్డుతో కట్టినవాళ్లకు ఛార్జ్‌బ్యాక్ అనే ఆయుధం ఉంది, అంటే కార్డు బ్యాంకు దగ్గర వివాదం వేసి ఆ చెల్లింపును వెనక్కి తిప్పించడం. అందుకే మూడో పక్షం దగ్గర టికెట్ క్రెడిట్ కార్డుతోనే తీయమని పదేపదే చెబుతాం. 2023 మేలో గో ఫస్ట్ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఎయిర్‌లైన్ ఖాతాలో గానీ ఏజెంటు చేతిలో గానీ తిరిగి ఇచ్చే డబ్బు లేకపోయింది. అలాంటప్పుడు కార్డు బ్యాంకే దిక్కు. ‘సేవ అందలేదు’ అనే కారణంతో వివాదం వేయాలి. వీసా కార్డుల్లో మామూలుగా ప్రయాణ తేదీ నుంచి 120 రోజుల గడువు. ఏజెన్సీ ‘ఇంకో పదిహేను రోజులు’ అంటూ సాగదీసేది సరిగ్గా ఈ గడువు మీదే దెబ్బ కొడుతుంది, కాబట్టి నూరో రోజు దాకా ఆగొద్దు. ఆలస్యానికి రోజుకు వంద రూపాయలు బ్యాంకు ఇస్తుందనే మాట ఇక్కడ పనికిరాదు. రిజర్వ్ బ్యాంకు 2019 సర్క్యులర్ ఫెయిలైన లావాదేవీల గురించి మాట్లాడుతుంది, వ్యాపారి తిరిగి ఇవ్వాల్సిన రీఫండ్ గురించి కాదు.

ఈఎంఐలో కొన్నవాళ్లు మరొకటి చూసుకోవాలి. రీఫండ్ కార్డులో పడినా ఈఎంఐ చాలాసార్లు దానంతట అది ఆగదు. బ్యాంకుకు ఫోన్ చేసి దాన్ని ముందే మూసేయించాలి (ఫోర్‌క్లోజ్). ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద కట్టిన జీఎస్టీ తిరిగి రావు.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటో పనిచేసే చోటో వేయొచ్చు. యాప్ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా కేసు బెంగళూరులోనే నడుస్తుంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఎయిర్‌లైన్‌నూ ఏజెన్సీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే హాజరైనవాడు రానివాడి మీదకు నెడతాడు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ధరతో ఉన్న టికెట్, కార్డు స్టేట్‌మెంట్, రద్దు స్క్రీన్‌షాట్, 1915లో ఇచ్చిన ఫిర్యాదు (డాకెట్) నంబరు, ఎయిర్‌లైన్ తేదీ చెప్పిన ఆ మెయిల్ జత చేయండి.